బొగ్గుబాయి, అగాధము, పాపము: సింగరేణి ప్రాంతపు సువార్త ప్రసంగములపై ఒక విమర్శ

కమాన్‌పూర్, సెంటినరీ కాలనీ, గోదావరిఖని ప్రాంతములలో జరుగు ఉజ్జీవ కూటములలోను, గృహ ప్రార్థనలలోను పాపమును గూర్చి బోధించువారు తరచుగా ఒకే దృష్టాంతమును వాడుదురు. పాపి బొగ్గుబాయిలో పడిన మనుష్యుడు. బాయి చీకటి, అందులో ఉన్నవాడు తలనుండి పాదము వరకు నలుపు. దేవుడు పైన, వెలుగులో ఉన్నాడు. మనుష్యుడు తన నీతిక్రియలను నిచ్చెనగా వేసికొని ఎక్కజూచును గాని ఆ నిచ్చెన చాలదు. అప్పుడు సిలువ అను తాడు పైనుండి దిగును. వినువారిలో అనేకులు గని కార్మికుల కుటుంబములవారే గనుక ఈ పోలిక వెంటనే అర్థమగును. దానిని వాడు బోధకుల ఆసక్తిని మేము శంకించుట లేదు. చుట్టునున్న జీవితమునుండి ఉపమానము తీయుట మన ప్రభువు చూపిన పద్ధతియే. అయినను ఈ పోలిక ఏమి చెప్పుచున్నది, ఏమి దాచుచున్నది అని అడుగవలసియున్నది. పాపము మనుష్యుని దేవునినుండి ఎడబాపునను సత్యమును బోధించుటకు పుట్టిన ఈ చిత్రము, ఆ పాపము ఎక్కడ జరుగుచున్నదో చూపుటలో దారి తప్పినదని మా వాదము. అది పనిచేయు స్థలమును పాపస్థలముగాను, పనివాని దేహమును పాపపు గురుతుగాను చేయుచు, అదే స్థలములో జరుగు అన్యాయమును గూర్చి మాత్రము ఏమియు పలుకదు.

చిత్రపు పుట్టుక

ఈ దృష్టాంతము సింగరేణిలో పుట్టలేదు. 1951లో అమెరికాలో క్యాంపస్ క్రూసేడ్ సంస్థను స్థాపించిన బిల్ బ్రైట్ 'నాలుగు ఆత్మీయ నియమములు' అను చిన్న పుస్తకమును రూపొందించెను. అందులో రెండవ నియమము క్రింద ఒక బొమ్మ ఉన్నది: పైన పరిశుద్ధుడైన దేవుడు, క్రింద పాపియైన మనుష్యుడు, నడుమ గొప్ప అగాధము. మనుష్యుని ప్రయత్నములు బాణములవలె పైకి లేచి, చేరకయే నిలిచిపోవును. మూడవ నియమములో క్రీస్తు ఆ అగాధమునకు దారి అగును. రెండు కొండ అంచుల నడుమ సిలువను వంతెనగా గీయు మరియొక బొమ్మయు ఇదే కుటుంబమునకు చెందినది. విశ్వవిద్యాలయ విద్యార్థికి కొద్ది నిమిషములలో సువార్త వివరించుటకు చేయబడిన సాధనమిది. ఆ పనిని చక్కగా చేసినదని ఒప్పుకొనవలెను.

రంగుల చరిత్ర మరికొంత పాతది. 1866లో లండనులో స్పర్జన్ మాటలు లేని చిన్న పుస్తకమొకటి చూపి ప్రసంగించెను. నల్లని పుట పాపమునకు, ఎర్రని పుట క్రీస్తు రక్తమునకు, తెల్లని పుట శుద్ధికి గురుతులు. 1875లో మూడీ బంగారు పుటను చేర్చెను. మన సండే స్కూలులోను, వెకేషన్ బైబిల్ స్కూలులోను పిల్లలు నేటికిని నల్లకాగితమును చూచి 'పాపము' అనుట నేర్చుకొనుచున్నారు. అగాధపు బొమ్మయు నల్లపుటయు బొగ్గుబెల్టులో కలిసికొనినప్పుడు బొగ్గుబాయి దృష్టాంతము సిద్ధమైనది.

నలుపును గూర్చి

మంచువలె తెల్లనగుట అను మాటకు బోధకులు చూపు ఆధారము యెషయా 1:18. ఆ వచనమును నెమ్మదిగా చదువుడి. అక్కడ పాపము రంగు నలుపు కాదు, ఎరుపు. ఎందుకు ఎరుపో మూడు వచనములు వెనుకకు పోయిన తెలియును: ఆరాధకుల చేతులు రక్తముతో నిండియున్నవి. రెండు వచనములు వెనుకకు వచ్చిన యెడల శుద్ధియనగా ఏమిటో కూడ తెలియును: హింసింపబడువానిని విడిపించుట, తండ్రిలేనివానికి న్యాయము తీర్చుట, విధవరాలి పక్షమున వాదించుట. ప్రవక్త చెప్పిన ఎరుపును మనము నలుపుగా మార్చితిమి. మార్చినందున జరిగిన నష్టము చిన్నది కాదు. రక్తము మరియొకని దేహమునుండి వచ్చినది గనుక 'ఇది ఎవరిది?' అని అడిగించును. నలుపు ఏమియు అడిగింపదు. అది వాని చర్మమునకే అంటినదిగా కనబడును.

షిఫ్టు ముగించి పైకి వచ్చిన కార్మికుని ముఖముమీద ఉన్న నలుపు అతని జీతపు నలుపు. అతని పిల్లల ఫీజు, ఇంటి బియ్యము, సంఘములో అతడిచ్చు దశమభాగము అందులోనుండియే వచ్చుచున్నవి. ఆ నలుపును చూపి 'ఇదిగో పాపము ఇట్లుండును' అని వేదికమీదనుండి చెప్పునప్పుడు ముందు వరుసలో కూర్చున్న ఆయన కుమార్తె ఏమి నేర్చుకొనును? తెలుగు క్రైస్తవులలో అధికభాగము మాల, మాదిగ కుటుంబములనుండి వచ్చినవారు. అంటును, మురికిని, నల్లని చర్మమును ఒకటిగా కట్టి తరతరములుగా తమపై వేసిన మాటలు వారికి క్రొత్తవి కావు. ఆ మాటలనే సువార్తలో కలిపి మరల వారికి వినిపించుట మన పని కాకూడదు. మాటలు లేని పుస్తకములో మొదటి పుటను మార్చుటకు మన సండే స్కూలు పాఠములు తయారుచేయువారు ఎందుకు ఆలస్యము చేయుచున్నారో మాకు తెలియదు.

లోతును గూర్చి

లోతు పాపమునకు సహజమైన గురుతు అనుకొనుట కూడ లేఖనముల ఎదుట నిలువదు. బైబిలులో గని పనిని గూర్చి విపులమైన వర్ణన ఒకటే ఉన్నది: యోబు 28వ అధ్యాయము. మనుష్యులు చీకటికి అంతము కలుగజేసి, జనులు సంచరించు చోటికి దూరముగా సొరంగము త్రవ్వుదురు; త్రాళ్లపై వ్రేలాడుదురు; బండలో కాలువలు కొట్టుదురు; నీటి ఊటలు కారకుండ అడ్డుకట్ట వేయుదురు. దీనిలో నిందయన్న మాటయే లేదు, ఆశ్చర్యమున్నది. ఇంత లోతున వెదకగలిగినవారికి కూడ జ్ఞానము గనిలో దొరకదని ఆ అధ్యాయము చెప్పును గాని వెదకినవారిని తక్కువ చేయదు. బొగ్గుబెల్టులో ఈ అధ్యాయముపై ప్రసంగము మేము అరుదుగా వినియున్నాము. టింబర్‌మన్‌గా, కోల్‌ఫిల్లర్‌గా జీవితమంతయు గడిపి విశ్రాంతి పొందిన పెద్దలు ప్రతి సంఘములో ఉన్నారు. ఈ వచనములు వారిచేత వివరింపజేసిన యెడల మన వ్యాఖ్యాన గ్రంథములకంటె మెరుగైన వివరణ దొరుకునని మా నమ్మకము.

ఇక దేవుడు పైన అంచుమీద నిలిచియుండుట అను మాట. ఆదికాండము 3లో పాపము జరిగిన తరువాత దాగినవాడు మనుష్యుడు, వెదకుచు వచ్చినవాడు దేవుడు. ఎడబాటు నిజమే, ఏదెనునుండి వెళ్లగొట్టుటయు నిజమే. అయితే వెళ్లగొట్టుటకు ముందు దేవుడు వారికి చర్మపు వస్త్రములు చేయించి తొడిగించెను. 139వ కీర్తన పాతాళములో సహా దేవుడున్నాడని చెప్పుచున్నది. ఫిలిప్పీయులకు 2లో క్రీస్తు దిగిన దిగుటకు తాడు మాత్రము క్రిందికి విడుచుట ఏ విధముగాను సరిపోదు. బొమ్మలోని దేవుడు కదలడు, అంచు దాటడు. బైబిలు దేవుడు బాయిలోనికి దిగును.

ఇక్కడ ఒక మాట ప్రక్కగా చెప్పుచున్నాము. కమాన్‌పూర్‌లో ఆదివరాహస్వామి ఆలయమున్నది. నీటిలో మునిగిన భూమిని దేవుడు లోతునకు దిగి ఎత్తెనను కథను మన పొరుగువారు చిన్ననాటినుండి వినియున్నారు. ఆ కథను మనము మన సిద్ధాంతముగా చేసికొనుట లేదు. అక్కడ ఎత్తబడునది భూమి, ఎత్తువాడు శత్రువును చంపి గెలుచువాడు, లోతులో తానే మరణించువాడు కాడు. కాని దేవుడు లోతునకు దిగకుండ పైననే నిలుచునని మనము చెప్పినప్పుడు, ఆ ఊరివారి చెవికి మన దేవుడు వారి కథలోని దేవునికంటె దూరస్థుడుగా వినబడును. సువార్తకు ఇంతకంటె విచిత్రమైన అపార్థము ఉండదు.

అగాధము ఎవరి నడుమ?

ఎడబాటు బోధకు మూలవచనముగా అందరు చూపునది యెషయా 59:2. దోషములు దేవునికిని ప్రజలకును అడ్డముగా వచ్చినవని, పాపములు ఆయన ముఖమును మరుగుపరచినవని ఆ వచనము చెప్పుచున్నది. మన ప్రసంగములు ఇక్కడ ఆగి వెంటనే రోమా 3:23కు దాటును. ప్రవక్త మాత్రము ఆగలేదు. మూడవ వచనమునుండి ఆ దోషములేవో పేరుపేరున చెప్పుచున్నాడు: రక్తపు మరకలున్న చేతులు, అబద్ధమాడు పెదవులు, న్యాయస్థానములో సత్యము లేకపోవుట, నిరపరాధుల రక్తము చిందించుటకు పరుగెత్తు కాళ్లు. పదునాల్గవ వచనములో న్యాయము వెనుకకు త్రోయబడినది. సత్యము వీధిలో పడిపోయినది. దేవునికిని మనకును అడ్డగోడ కట్టినవి ఇవియే. వీధిలోను, కచేరిలోను జరిగిన పాపమును తీసికొనివచ్చి మనము హృదయములోని నాలుగు చెడ్డ అలవాట్లుగా కుదించితిమి.

'అగాధము' అను మాట విషయములో ఇంకను తీవ్రమైన మార్పు జరిగినది. క్రొత్త నిబంధన గ్రీకులో 'ఖాస్మ' అను ఆ పదము ఒక్కసారియే వచ్చును, లూకా 16:26లో. దానికి ఒక ప్రక్క ధనవంతుడు, మరియొక ప్రక్క అబ్రాహాము రొమ్మున ఉన్న లాజరు. ఆ అగాధము ఎప్పుడు మొదలైనది? లాజరు ఆ ధనవంతుని వాకిటనే పడియుండెను. అప్పుడు వారి నడుమ ఉన్నది ఒక గుమ్మము మాత్రమే, దాటుటకు నాలుగు అడుగులు చాలును. అతడు దాటలేదు. దాటని ఆ గుమ్మము మరణము తరువాత ఎవరును దాటలేని అగాధమైనది. బొమ్మ గీయువారు ఈ పదమును లూకానుండి తీసికొని లాజరును లూకాలోనే విడిచిపెట్టిరి.

కమాన్‌పూర్ ప్రాంతములో అగాధమును ఊహించుకొన నక్కరలేదు. రామగుండం మూడవ ఏరియా ఓపెన్‌కాస్టు గనుల అంచున నిలిచి చూడవచ్చును. ప్రక్కన ఓబీ మట్టి గుట్టలుగా లేచియున్నది. లద్నాపూర్ వంటి గ్రామములలో ఇండ్లు, పొలములు గనికొరకు సేకరింపబడినవి. పరిహారము ఎంత, ఇంటి స్థలము ఎక్కడ, పెండ్లి కాని కుమార్తెకు లెక్క ఉన్నదా లేదా అను వాదములు ఏండ్ల తరబడి సాగును. సింగరేణి ప్రభుత్వ సంస్థ. రాష్ట్రమునకు 51, కేంద్రమునకు 49 శాతము వాటాలున్నవి. కనుక ఆ బొగ్గుతో వచ్చు కరెంటు వాడుకొను మనమందరము ఏదో ఒక విధముగా ఆ గని యజమానులము. బొగ్గు త్రవ్వుటయే పాపమని మేము చెప్పుట లేదు; యోబు 28 ఆ మాట చెప్పనియ్యదు. గుమ్మముయొద్ద ఉన్నవానిని చూడకుండ త్రవ్వుట మాత్రము లూకా 16 చెప్పుచున్న సంగతియే.

పదునెనిమిదిమంది, పదునేడుగురు

ఈ చర్చ తరగతి గదికి మాత్రమే సంబంధించినదైతే ఇంత వ్రాయనక్కరలేదు. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని జీడీకే 7 ఎల్‌ఈపీ గనిలోనికి నీరు చొచ్చుకొని వచ్చి 17 మంది మరణించిరి. అదే సంవత్సరము అక్టోబరులో జీడీకే 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది మరణించిరి. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయిరి. వారిలో అధికారులును ఉన్నారు, కాంట్రాక్టు కార్మికుడును ఉన్నాడు. ఇట్టి దినములలో సమాధి యొద్ద నిలుచు కాపరి ఏమి చెప్పును? పాపి బాయిలో పడినవాడని ఏండ్ల తరబడి బోధించిన నోటితో, నిజముగా బాయిలో మరణించినవాని భార్య యెదుట మాటలాడవలెను. అతని త్రాగుడును, సంఘమునకు రాకపోవుటను జ్ఞాపకము చేసి ప్రమాదమునకు కారణము సూచించు ప్రసంగములు లేకపోలేదు. యోబు స్నేహితుల వేదాంతము మన మధ్య ఇంకను బ్రదికియే ఉన్నది.

సిలోయములోని గోపురము పడి 18 మంది చనిపోయిన సంగతి లూకా 13లో ఉన్నది. వారు యెరూషలేములోని మిగిలినవారికంటె ఎక్కువ అపరాధులా అను ప్రశ్నకు యేసు కాదని ఖండితముగా చెప్పెను. అంతటితో ఊరకుండక, వినుచున్నవారినే మారుమనస్సునకు పిలిచెను. మరణించినవారి లెక్క ఆయన తీయలేదు. బ్రదికియున్నవారి లెక్క తీసెను. గోపురము ఎందుకు పడినదో, ఎవరు కట్టిరో సువార్తికుడు చెప్పడు. మారుమనస్సు పొందవలసినవారిలో కట్టినవారును, పర్యవేక్షించినవారును ఉన్నారని అనుకొనుటకు ఆ వచనము అడ్డుపడదు. నీటికి అడ్డుకట్ట వేయుట గని పనిలో భాగమని యోబు 28:11 ఎరుగును. ఆ అడ్డు నిలువనప్పుడు పాపమును వెదకవలసిన చోటు మృతుని ఇల్లు కాదు.

తెలుగు మాట

ఈ సందర్భములో మన భాష మన సిద్ధాంతముకంటె తెలివిగా ఉన్నది. బండ పడి మరణించినవాని ఇంటిముందు చేరిన స్త్రీలు 'అయ్యో, పాపం' అందురు. అదే పదము. బైబిలు అనువాదకులు 'హమార్తియ'కు వాడిన మాటయే జాలికి కూడ వాడుక మాట. అన్యాయము చేసినవానిని చూచి 'పాపం చేసినాడు' అందుము. అన్యాయము పొందినవానిని చూచి 'పాపం' అందుము. ఈ రెండవ అర్థము బోధకు ఆటంకమని, శ్రోతలు పాపమును తేలికగా తీసికొందురని కొందరు ఉపాధ్యాయులు చెప్పగా వింటిమి. మేము వ్యతిరేకముగా తలంచుచున్నాము. మత్తయి 9లో యేసు మొదట పక్షవాయువు గలవాని పాపములు క్షమించెను. అధ్యాయము చివర కాపరిలేని గొఱ్ఱెలవలె విసికి చెదరిన సమూహములను చూచి కనికరపడెను. తెలుగు 'పాపం' ఆ అధ్యాయపు రెండు కొనలను పట్టుకొనగలదు. కొరియా వేదాంతి ఆండ్రూ సంగ్ పార్క్ 1993లో ప్రచురించిన తన గ్రంథములో, క్రైస్తవ సిద్ధాంతము పాపము చేసినవానినే చూచినది, పాపము చేయబడినవాని గాయమును చూడలేదని వాదించి, ఆ గాయమునకు 'హాన్' అను తన భాషా పదమును తెచ్చెను. మనము పదము వెదకనక్కరలేదు.

మన భాషలో 'పాపం తలా పిడికెడు' అను మాటయు ఉన్నది. దానిని తప్పించుకొనుటకును వాడుదురు, ఒప్పుకొనుటకును వాడుదురు.

ఒక అభ్యంతరము

ఇదంతయు వ్యక్తిగత పాపమును పలుచన చేయుట కాదా అని సహోదరులు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. గనిలో అన్యాయము పొందినవాడే ఇంటికి త్రాగి వచ్చి భార్యను కొట్టును. గిరిగిరి వడ్డీకి అప్పు తెచ్చి ఆమె పుస్తెలు కుదువపెట్టును. ఆమె యెదుట అతడు పీడితుడు కాడు, పీడకుడే. 1980లనుండి అరవింద్ నిర్మల్ మొదలైనవారు వృద్ధిచేసిన దళిత వేదాంతము పీడితుని బాధను పాపసిద్ధాంతపు మధ్యకు తెచ్చినది. దానికి మనము ఋణస్థులము. అయితే పీడితుడును పాపియే అని చెప్పునప్పుడు ఆ రచనల స్వరము కొంత తగ్గునని మా అభిప్రాయము. ఆ తగ్గిన చోట నష్టపోవునది చాల సార్లు ఆ ఇంటి స్త్రీయే.

మరియొక ప్రక్క, నెల్లూరులో పుట్టిన పండిపెద్ది చెంచయ్య ఉన్నాడు. 1938లో వెలువడిన 'రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా' గ్రంథములో ఆయన హెన్‌డ్రిక్ క్రేమర్‌ను ఎదుర్కొనెను. రక్షణయనగా నిర్దోషియని తీర్పు పొందుటతో ముగియునది కాదు, క్రీస్తులో క్రొత్త సృష్టి అగుట అని ఆయన పట్టుబట్టెను. న్యాయమూర్తిగా పనిచేసినవాడే తీర్పు భాష చాలదని చెప్పుట గమనింపదగినది. ఆ మాట వినిన యెడల బొగ్గుబాయి దృష్టాంతములోని మరియొక లోపము కనబడును: పైకి లాగబడినవాడు తరువాత ఏమి చేయవలెనో అది చెప్పదు. అతడు మరునాడు ఉదయము షిఫ్టుకు మరల దిగవలెను. అయితే చెంచయ్య క్రొత్త మనుష్యుని గూర్చి వ్రాసినంత బలముగా పాత మనుష్యుని అన్యాయమును గూర్చి వ్రాయలేదు. రోమా 5 నుండి 7 వరకు పౌలు పాపమును ఏలుబడి చేయు ప్రభువుగా, జీతమిచ్చు యజమానిగా వర్ణించెను. ఆ యజమాని ఇంటిలోను ఏలును, ఆఫీసులోను ఏలును. రెంటిలో ఒకదానిని మాత్రమే చూపు బోధ పౌలు బోధలో సగము.

యెషయా 59లో సర్వనామములు మారుట మన విద్యార్థులు తప్పక గమనింపవలెను. రెండవ వచనములో ప్రవక్త 'మీ' దోషములు అనును. నాలుగవ వచనమునుండి 'వారు'. తొమ్మిదవ వచనము వచ్చుసరికి 'మనకు', పండ్రెండవ వచనములో 'మా' తిరుగుబాటులు. వేలు చూపుచు మొదలుపెట్టినవాడు ఆ ఒప్పుకోలులోనికి తానును వచ్చి నిలిచెను. మన ఆరాధన క్రమములలోని పాపపు ఒప్పుకోలు కూడ బహువచనములోనే ఉన్నది. సువార్త కరపత్రములోని చిత్రములో మాత్రము మనుష్యుడు ఒంటరిగా నిలిచియుండును.

బల్ల ఆరాధన దినమున సెంటినరీ కాలనీలోనో, కమాన్‌పూర్‌లోనో ఒకే బెంచీమీద పర్మనెంటు కార్మికుడును, తక్కువ కూలికి ప్రక్కనే పనిచేయు కాంట్రాక్టు కార్మికుడును, భూమి పోగొట్టుకొనిన రైతును, వడ్డీకి అప్పిచ్చువాడును కూర్చుండి 'మేము పాపము చేసితిమి' అందురు. వారి పిడికిళ్లు ఒకే పరిమాణము గలవి కావు. కాపరి జీతము కూడ ఆ బొగ్గులోనుండియే వచ్చుచున్నది. ఒప్పుకోలుకు ముందు యెషయా 59ని రెండవ వచనము దగ్గర ఆపక పదునైదవ వచనము వరకు చదివించి, కొంతసేపు ఎవరును మాటలాడకుండ విడిచిపెట్టవచ్చును. చదువుటకు మూడు నిమిషములు చాలును.